మెక్‌మాస్టర్ స్లైడ్: గొర్రెలకి బాగుంది, బ్యాడ్జర్లకి చాలదు

జంతువుల ఒంట్లోని పురుగులు మలంలోకి వదిలే గుడ్లను మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టడానికి వాడే ప్లాస్టిక్ మెక్‌మాస్టర్ స్లైడుకి ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. ఆ మూడూ గొర్రెల తరఫున ఇచ్చినవే. నేను వాడేది మాత్రం యూరోపియన్ బ్యాడ్జర్ల (బొరియలు తవ్వుకుని ఉండే అడవి జంతువుల) మలంలో పురుగుల గుడ్లు లెక్కపెట్టడానికి: అడవిలో, పచ్చికబయళ్ల దగ్గర, పంట పొలాల పక్కన ఉండే వాటిలో ఎక్కడ ఎన్ని ఉన్నాయో పోల్చి చూడటానికి.

1939లో ఆస్ట్రేలియాలో గోర్డన్, విట్లాక్ అనే ఇద్దరు గొర్రె పెంటికల్లో గుడ్లు లెక్కించడానికి ఈ పద్ధతి కనిపెట్టారు. మూడు గ్రాముల మలాన్ని 42 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, జాలితో వడగట్టి, స్లైడులోని రెండు గదులూ నింపి ఐదు నిమిషాలు ఆగాలి. గుడ్లు పైకి తేలతాయి, మడ్డి అడుగుకి దిగుతుంది. గదుల మీద గీసిన రెండు గడుల్లో కనబడ్డవి కూడి 50తో గుణిస్తే గ్రాముకి ఎన్ని గుడ్లో వచ్చేస్తుంది. గిర్రున తిప్పి మడ్డిని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం అక్కర్లేదు, మామూలు మైక్రోస్కోప్ చాలు. ఇంత తేలికైన పని ల్యాబులో ఇంకోటి లేదు.

చిక్కంతా ఆ 50 దగ్గరే. రెండు గడులూ కలిపి మనం చూసేది 0.3 మిల్లీలీటరే. గ్రాముకి 20 గుడ్లు వదిలే బ్యాడ్జర్ అయితే మూడింట రెండుసార్లు స్లైడులో సున్నా కనిపిస్తుంది. మందలో ఏ గొర్రెకి మందు పట్టాలో తేల్చుకునే రైతుకి 20 గుడ్లతో పనిలేదు. అడవి జంతువులో ఆ 20 ఉన్నాయా లేదా అన్నదే నాకు కావాలి. అడవిలో తక్కువ జంతువులకి పురుగులున్నాయి, పచ్చికలో ఎక్కువ వాటికి ఉన్నాయి అని ఈ స్లైడు చూసి రాసేస్తే, అది జంతువుల్లోని తేడానో, స్లైడు చూపు ఆనకపోవడమో చెప్పలేం.

పైగా ఇది తడిని పట్టించుకోదు. వానపాములు బాగా తిన్న బ్యాడ్జర్ మలం జావలా ఉంటుంది, ధాన్యం తిన్నదాని మలం గట్టిగా ఉంటుంది. గ్రాము లెక్కన చూస్తే జావలో గుడ్లు పలచబడి తక్కువగా కనిపిస్తాయి. తడి బరువుతో పాటు ఆరబెట్టిన బరువు కూడా రాసుకోకపోతే రెండు చోట్ల లెక్కలు పక్కపక్కన పెట్టడం దండగ. అన్నట్టు, వానపాముల ఒంటిమీది సన్నటి ముళ్లు స్లైడు నిండా బంగారు సూదుల్లా మెరుస్తాయి. మొదట్లో ముచ్చటేస్తుంది, తర్వాత విసుగొస్తుంది. పేడపురుగుల రెక్కముక్కలూ మట్టీ కూడా చేరితే గడి గీతలే కనబడవు.

కొంకిపురుగు గుడ్లు పలచటి పెంకుతో కోలగా ఉంటాయి, కాపిల్లేరియా అనే సన్నటి పురుగు గుడ్లు రెండు చివర్లా బిరడాలున్న పీపాల్లా ఉంటాయి. వీటిని స్లైడు బాగానే చూపిస్తుంది. ఊపిరితిత్తుల పురుగు మాత్రం దీనికి చిక్కదు. అది గుడ్లుగా కాక లార్వాలుగా (పిల్లపురుగులుగా) మలంలోకి వస్తుంది కాబట్టి గుడ్డలో కట్టి గోరువెచ్చని నీళ్ల గరాటులో వేలాడదీసే బేర్మన్ పద్ధతే గతి. ఆ పురుగు నత్తల ద్వారా వస్తుంది. అంటే నేల తేమను బట్టి మారే అవకాశం ఉన్న పురుగే ఈ స్లైడుకి కనబడదన్నమాట. బేర్మన్ పద్ధతికి తాజా మలమే కావాలి. బ్యాడ్జర్లు గుంటలు తవ్వి ఒకేచోట విసర్జిస్తాయి కాబట్టి ఏరుకోవడం సులువే గానీ, నిన్నమొన్నటి దానిలోకి మట్టిలోని పురుగులు కూడా దూరి లెక్క చెడగొడతాయి.

తయారీ విషయానికొస్తే, నాకొచ్చిన రెండు స్లైడుల్లో ఒకదాని గీతలు మసకగా ఉన్నాయి. అమ్మినవాళ్లు మార్చి ఇవ్వలేదు. ఆక్రిలిక్ కాబట్టి స్పిరిట్‌తో తుడవకండి, సన్నగా బీటలు వారుతుంది. ఉప్పు గడ్డకట్టకముందే నీళ్లతో కడిగేస్తే సరిపోతుంది.

అడవి జంతువుల కోసమే కొనేవాళ్లు ఇలాగే గుడ్లు లెక్కపెట్టే మినీ-ఫ్లోటాక్ అనే పరికరం వైపు చూడండి. నేపుల్స్ విశ్వవిద్యాలయంలో తయారైంది. రెండు మిల్లీలీటర్లు చూస్తుంది, గుణించాల్సింది 5తోనే. ఆగాల్సింది పది నిమిషాలు, చూడాల్సిన గడి కూడా పెద్దది, కళ్లు లాగుతాయి. అయినా నేనైతే ముందు అదే కొంటాను.

ఏది కొన్నా గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. బ్రిటన్, ఐర్లాండ్ బ్యాడ్జర్లలో పశువుల టీబీ ఉంటుంది. మలం డబ్బాలు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. గడ్డకడితే గుడ్లు పాడైపోతాయి.