నున్నటి గచ్చు మీద అడ్డంకుల ఆట: ఈ కిట్‌లో కొనదగ్గవి ఏవి?

మా పాఠశాల హాలులో అడ్డంకుల కోర్సు ఏర్పాటు చేయడానికి మీరట్‌లో తయారైన ఒక కిట్ తెప్పించాం. ధర 4,200 రూపాయలు. నాలుగు మీటర్ల అజిలిటీ ల్యాడర్ (నేల మీద పరిచి, గడుల్లో అడుగులు వేయించే పట్టీల నిచ్చెన), ఎత్తు మార్చుకోగలిగే చిన్న హర్డిల్స్, గిన్నె ఆకారపు మార్కర్లు, గుడ్డ సొరంగం, తూకం తప్పకుండా పైన నడవడానికి ఫోమ్ బీమ్, అంచులు కలుపుకునే మ్యాట్లు ఇందులో వచ్చాయి. ఒక విద్యా సంవత్సరమంతా పిల్లలతో వాడించాక రాస్తున్నాను. ఇలాంటి కిట్ కొనాలనుకునే తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు, ఇంట్లో పిల్లల కోసం ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు పనికొస్తుంది.

వానాకాలంలో మా మైదానం చిత్తడి. మార్చి వచ్చిందంటే పది గంటలకే ఎండ నిప్పులు చెరుగుతుంది. అప్పుడు ఆటల పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో ఇచ్చేయమని అడుగుతారు. నేను ససేమిరా ఒప్పుకోను. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బడి వదలగానే ట్యూషన్‌కు పరుగెత్తే పిల్లలకు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? ఉన్న పీరియడ్ కూడా లాగేసుకుంటే ఇక మిగిలేది ఏమీ లేదు. హాలులో కోర్సు పెట్టింది అందుకే.

ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ కిట్‌ను గడ్డి మైదానాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేశారు. పెట్టె మీద మాత్రం ఇంటి లోపలా బయటా వాడవచ్చని అచ్చు వేశారు. మా హాలు పాలిష్ చేసిన మొజాయిక్ గచ్చు. మైదానంలో చక్కగా నిలబడే వస్తువు ఇక్కడ కాలు తగలగానే జారిపోతుంది. అందుకే ఒక్కో వస్తువునూ గచ్చును ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న దాన్ని బట్టే తూచాను.

ల్యాడర్‌తో పాటు నేలలో దిగగొట్టే మేకులు ఇచ్చారు. మొజాయిక్‌లో వాటిని ఎక్కడ దిగగొడతాం? వట్టిగా పరిస్తే నాలుగో పిల్లవాడు దాటేసరికి మెట్లు మెలిపడి, పట్టీ పాదానికి చుట్టుకుంటుంది. దీనికి మందు గుడ్డ టేపు. గచ్చును తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక రెండు చివర్లనూ, పక్క పట్టీలను అక్కడక్కడా అంటించాలి. కరెంటు పనికి వాడే టేపు వద్దు, దుమ్ముకు ఊడిపోతుంది, తీసినప్పుడు జిగురు మిగులుస్తుంది. మెట్లు గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా ఉండటం ఈ ల్యాడర్‌లో నిజంగా మెచ్చుకోవలసిన విషయం. పొరపాటున తొక్కినా పాదం కింద దొర్లవు.

ఒకసారి కదలకుండా నిలిస్తే ల్యాడర్ చేసే మేలు ఇంతా అంతా కాదు. ఆరో తరగతిలో ఒక పాప ఉంది. మొదట్లో గడిలో రెండు పాదాలూ పెట్టి ఆగిపోయేది. తల పూర్తిగా వంచి పాదాలనే చూసేది, భుజాలు చెవుల దాకా లేచేవి, పిడికిళ్లు బిగుసుకుపోయేవి. పరుగెత్తమని తొందరపెడితే ఆ బిగింపు ఇంకా పెరుగుతుంది. అందుకని నడకతో మొదలుపెట్టి, ‘లోపల, లోపల, బయట, బయట’ అని గట్టిగా పలకమన్నాను. నోరు పట్టుకున్న లయను పాదాలు అందుకున్నాయి. కొన్ని వారాలకు నేను ల్యాడర్ చివర నిలబడి వేళ్లు చూపిస్తుంటే, ఎన్ని వేళ్లో చెబుతూ తల ఎత్తి దాటింది. ఆరోజు నాకు కలిగిన సంతోషం మామూలుది కాదు. కన్ను పాదాల కాపలా మానేసి ఎదుటి మనిషిని చూడగలగడం, కబడ్డీలోనైనా ఖోఖోలోనైనా మనకు కావలసింది అదే. తొక్కుడు బిళ్ళ ఆడే అలవాటున్న పిల్లలకు ఇది ఇంకా త్వరగా పట్టుబడుతుంది. గీత తొక్కకుండా ఒంటికాలిపై గెంతడం వాళ్లకు ముందే వచ్చు కదా.

హర్డిల్స్ ఈ కిట్‌లో అన్నిటికన్నా మేలైనవి. 6, 9, 12 అంగుళాలకు ఎత్తు మార్చుకోవచ్చు. అడ్డకర్ర కొక్కేలలో ఊరికే ఆని ఉంటుంది, కాలు తగలగానే పడిపోతుంది. ఆ ఒక్క ఏర్పాటు వల్ల భయపడే పిల్లలు కూడా ముందుకు వస్తారు. ఎంత వయసు పిల్లలైనా 6 అంగుళాలతోనే మొదలుపెట్టిస్తాను. ఎత్తు పెంచేది దిగేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి. ‘దబ్’మని వినిపిస్తే ఎత్తు పెంచను. మోకాళ్లు వంచి, ముందు మునివేళ్ల దగ్గరి భాగం, తర్వాత మడమ ఆనేలా పిల్లిలా దిగాలి.

గిన్నె ఆకారపు మార్కర్లను పరుగు దారిలో మాత్రం పెట్టకండి. నున్నటి గచ్చు మీద వాటి అంచు తొక్కితే మార్కర్ ఒకవైపు, పిల్లవాడు మరోవైపు పోతారు. హాలు అంచున హద్దులుగా పెట్టడానికి బాగుంటాయి. మలుపుల దగ్గర నేను సుద్దముక్కతో సున్నాలు గీస్తున్నాను.

సొరంగం చూడగానే చిన్న తరగతుల పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఎదురు చేయీ ఎదురు కాలూ కలిపి పాకడం సమన్వయానికి మంచి సాధన. అయితే లోపల పిల్లలు కదులుతుంటే సొరంగం పక్కకు దొర్లుతుంది. రెండు వైపులా ఇసుక నింపిన చిన్న సంచులు పెట్టాలి, మోకాళ్ల కోసం కింద మ్యాట్ వేయాలి. మాకు వచ్చిన దానిలో మూతి దగ్గర కుట్టు వదిలి, స్ప్రింగు తీగ మొన బయటికి వచ్చింది. పిల్లల ముఖాలు వెళ్లే చోటు అది. అమ్మిన వాళ్లకు ఫోన్ చేస్తే, విప్పిన సరుకును తాము వెనక్కి తీసుకోబోమని అన్నారు. పిల్లల వస్తువులు అమ్మేవారు అలా మాట్లాడకూడదు. ఆ మొనను వంచి గుడ్డ టేపు చుట్టాకే వాడుతున్నాం. మీరు కొంటే ముందుగా కుట్టంతా చేత్తో తడిమి చూడండి. తొమ్మిది, పది తరగతుల వారికి ఆ సొరంగం ఇరుకు. వాళ్లకు రెండు కుర్చీల మధ్య తాడు వదులుగా కట్టి, దాని కిందుగా పాకమంటున్నాను.

ఫోమ్ బీమ్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. బరువు పడగానే మెత్తగా కుంగి చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. నడకలో తూకం అప్పుడప్పుడే నేర్చుకునే పిల్లలకు అది మరీ కష్టం. జిమ్నాస్టిక్స్ పోటీల్లో బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు. నేను గచ్చు మీద అంతే ఎడంతో రెండు టేపు గీతలు వేసి, మడమకు మునివేళ్లు ఆనించి నడిపిస్తున్నాను. నీళ్లు నింపిన గ్లాసు చేతికిస్తే పెద్ద పిల్లలకూ చాలినంత సవాలు.

ఇక మ్యాట్లు. నిలబడిన చోట గెంతడానికి సరిపోతాయి. పరుగెత్తుకుంటూ వచ్చి దూకితే మాత్రం అన్నీ కలిసి ముందుకు జారతాయి, అసలు ప్రమాదం అక్కడే. తివాచీల కింద వేసే రబ్బరు జాలీ కొని పరిచాక ఆ జారుడు బాగా తగ్గింది. అయినా పరుగు దూకుడు మా కోర్సులో పెట్టను. ఇంటి లోపల వాడవచ్చని రాసి అమ్మేటప్పుడు ఆ జాలీని కిట్‌తోనే ఇవ్వాలి.

పేర్చే వరుస గురించి కూడా కిట్‌లోని కాగితం ఏమీ చెప్పదు. తూకం పని కాళ్లు అలసిపోకముందే, అంటే మొదట్లోనే పెట్టాలి. తర్వాత ల్యాడర్, హర్డిల్స్, పాకుడు, చివర చిన్న పరుగు. ఆ పరుగు గోడకు కనీసం రెండు మీటర్ల ముందే ఆగేలా గీత గీయాలి. తరగతిలో నలభైమందికి పైగా ఉంటే ఒకే వరుస కడితే ఒకరు ఆడుతుంటే మిగతా అందరూ నిలబడి చూస్తారు. నేను అన్నిటినీ విడివిడి కేంద్రాలుగా హాలులో తలో మూల పెట్టి, జట్లను ఈల మీద మారుస్తాను. అప్పుడు పీరియడ్‌లో ఎక్కువ సేపు అందరి కాళ్లూ కదులుతూ ఉంటాయి.

ఇదంతా చిన్నపిల్లల కాలక్షేపమని కొందరు పెద్దలు అంటారు. ఐదు క్రీడలు కలిసిన ఒలింపిక్ పోటీ మోడరన్ పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీ 2024 పారిస్ ఒలింపిక్స్‌తో ఆఖరు. 2028 లాస్ ఏంజెలెస్‌లో దాని స్థానంలో అడ్డంకుల పరుగు వస్తోంది. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా తొమ్మిదో తరగతి అబ్బాయిలు ల్యాడర్‌ను ఎంత శ్రద్ధగా అంటిస్తున్నారో!

మళ్లీ కొనాల్సి వస్తే మొత్తం కిట్ కొనను. బల్లపరుపు మెట్ల ల్యాడర్లు రెండు, హర్డిల్స్ రెండు సెట్లు విడిగా తీసుకుంటాను. మిగిలిన డబ్బుతో రబ్బరు జాలీ, గుడ్డ టేపు, మందమైన మ్యాట్లు కొంటాను. మీ గచ్చు గరుకు సిమెంటుదైతే ఇదే కిట్ ఇంతకన్నా బాగా పనికొస్తుంది. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలకైతే ల్యాడర్ ఒక్కటీ, సుద్దముక్కా చాలు.