వరంగల్‌లో 7,400 పోయాయి, పెంబర్తిలో చరిత్ర దొరికింది

మా పిల్లలిద్దరూ బడికి వెళ్ళరు, ఇంట్లోనే చదువుకుంటారు. పాపకు పదకొండేళ్ళు, బాబుకు ఎనిమిది. తెలంగాణ చరిత్రలో ఈమధ్యే కాకతీయుల దగ్గరికి వచ్చాం. చేతులతో చేస్తే బాగా గుర్తుంటుందని, వాట్సాప్‌లో చూసిన ఒక వర్క్‌షాప్‌కి డబ్బు కట్టాను. పిల్లలకు తలా 2,800, మాకు తలా 900. మొత్తం 7,400 రూపాయలు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

వేయిస్తంభాల గుడిలో ఒకాయన మైకు పట్టుకుని 1163, రుద్రదేవుడు, త్రికూటాలయం అంటూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. వరంగల్ కోటలో నలభై నిమిషాలే. అక్కడ 'చేతిపని' అంటూ పిల్లలకు తలా ఒక జిరాక్స్ కాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చారు. బొమ్మ పైన 'కాకతీయ శిల్పం' అని ఉంది. మా బాబు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఇది యాభై నోటు మీది రథం కదా?" అన్నాడు. మా ఆయన పర్సులోంచి నోటు తీసి పక్కన పెట్టారు. అదే! హంపి రథం! రాష్ట్ర చిహ్నంలో ఉన్న కీర్తి తోరణం నిలువెత్తున ఎదురుగా ఉంటే, పిల్లల చేత విజయనగరం రథానికి రంగులు వేయిస్తారా? అడిగితే "పిల్లలకు ఏదైనా ఒకటే మేడమ్" అన్నారు. డబ్బు వాపసు ఇవ్వలేదు. రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చిన మా ఆయన ఆ రాత్రి నాతో సరిగ్గా మాట్లాడలేదు.

హనుమకొండ లాడ్జి బాగానే ఉంది. మర్నాడు కారు మాట్లాడుకున్నాం. పాలంపేట వెళ్ళి, పెంబర్తి మీదుగా ఉప్పల్‌లో దింపడానికి 5,200.

పాలంపేటలోని రామప్ప గుడిని కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. భూమి కంపించినా గుడి నిలవాలని పునాదిలో ఇసుక నింపారని చెప్పాక, చెరువు కట్ట మీద పిల్లలు టిఫిన్ మూత బోర్లించి ఒకసారి, అందులో తడి ఇసుక పోసి ఒకసారి రాళ్ళు పేర్చి ఊపి చూశారు. వట్టి మూత మీదివి జారిపోయాయి, ఇసుకలో కుదురుకున్నవి నిలబడ్డాయి. పాప ఆ ఆట పదిసార్లు ఆడింది. భోజనాలకు నలుగురికీ 640 అయింది.

అసలు ఆనందం పెంబర్తిలో. కాకతీయుల కాలంలో గుళ్ళకూ రథాలకూ ఇత్తడి తొడుగులు చేసిన ఊరని చెబుతారు. ఒక పెద్దాయన లక్క మీద ఇత్తడి రేకు అతికించి, ఉలితో ఆకులు తీస్తున్నారు. మావాడు కళ్ళార్పకుండా చూస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని చిన్న రేకు ముక్క ఇచ్చారు. "మెల్లగ కొట్టు బిడ్డా, జోరుగ కొడితే రేకు చిరుగుతది" అన్నారు. మొదటి దెబ్బకు ఉలి జారింది. పది నిమిషాలకు వంకర చేప ఒకటి తేలింది. "తాతా, రథమంతా చేయాలంటే ఎన్ని దెబ్బలు కొట్టాలి?" అని వాడు అడిగితే ఆయన నవ్వి, రేకు వెనక్కి తిప్పి, ఉబ్బిన గీతల మీద వాడి వేలు పెట్టి నడిపించారు. గంటన్నర కూర్చున్నాం. డబ్బు వద్దన్నారు. బలవంతం చేస్తే 300 తీసుకున్నారు. దీపపు కుంది ఒకటి 850కి కొన్నాం. దారిలో మా ఆయన ముఖం తేటపడింది, వాడి చేపను ఫోటో తీసి మా అత్తగారికి పంపారు.

ఆ రోజు ఖర్చంతా కలిపి 6,990. వర్క్‌షాప్ కన్నా 410 తక్కువ.

వెళ్ళేవాళ్ళు పెంబర్తికి వెలుగుండగానే చేరండి. పెద్ద షోరూములో ఆగిపోకుండా సుత్తి చప్పుడు వినిపించే ఇంటికి వెళ్ళి, పిల్లలు చూడొచ్చా అని అడగండి. రామప్పకు పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే రాయి మీద ఉత్త కాళ్ళు నిలవవు. వచ్చే నెల చేర్యాల వెళ్తున్నాం. చింతగింజల ముద్దతో ముఖాల బొమ్మలు చేయాలని పాప ఇప్పుడే గింజలు ఏరి డబ్బాలో దాచుకుంటోంది.