తిరుపతిలో పిల్లలను ఫోనిక్స్ క్లాసుల్లో చేర్పించేవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఈ సాయంత్రమే ఒక ఫోనిక్స్ సెంటరు నుంచి వచ్చాను, అంటే అక్షరాల ధ్వనులు కలిపి ఇంగ్లీషు చదవడం నేర్పే చోటు. కోపం ఇంకా దిగలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. పేరు రాయను. బైరాగిపట్టెడ, బాలాజీ కాలనీ వైపు చిన్నపిల్లలున్న ఇళ్లకు ఆ కరపత్రం వచ్చే ఉంటుంది, తొంభై రోజుల్లో మీ బిడ్డ ఏ ఇంగ్లీషు పుస్తకమైనా చదివేస్తుందని. ఆ సెంటరే. మూడు నెలల ఫీజు 9,500, కిట్టు పేరుతో ఇంకో 2,400, మొత్తం 11,900 రూపాయలు ఒకేసారి కట్టేశాను. బెల్లం దిమ్మ కొనాలన్నా ఓ ముక్క విరిచి నోట్లో వేసుకుని చూసే మనిషిని నేను. ఇక్కడా రుచి చూశాను. రుచి చూపించిన చేయి వేరు, తూకం వేసే చేయి వేరు అని మాత్రం తెలుసుకోలేకపోయాను.

డెమో క్లాసు బాగుంది, ఆ మాట అనకపోతే అబద్ధమవుతుంది. ఆ రోజు వచ్చిన టీచరు 'ఎస్' అని అక్షరం పేరు చెప్పకుండా పిల్లలందరి చేత పాములా బుస కొట్టించింది. గొంతు మీద చేయి పెట్టుకోమని, స్ అంటే గొంతు అదరదు, జ్ అంటే అదురుతుంది చూడండి అంది. మా పాప ఇంటికొచ్చి అందరి గొంతులూ పట్టుకుని చూసింది. ఇంగ్లీషుకు అక్షరాలు 26 అయినా ధ్వనులు 44 దాకా ఉంటాయని, అందుకే ముందు ధ్వని పట్టుబడాలని చెప్పింది. మొదట ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలే నేర్పుతారట. ఆ ఆరింటితోనే సిట్, పిన్, ట్యాప్, న్యాప్ అంటూ చిన్న మాటలు బోలెడు కూర్చవచ్చు. ఇదంతా సరైన పద్ధతే, తర్వాత వాకబు చేశాను. కాకపోతే ఆ టీచరు మళ్లీ కనబడలేదు. ఆవిడ డెమోలకు మాత్రమే వస్తుందట!

క్లాసు చెప్పింది డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి. పాపం, ఆ అమ్మాయిని ఏమీ అనను, ఆమెకు ఎవరు నేర్పారు గనుక?

ఆరు వారాలకు మా పాప కిట్టులోని పుస్తకాలు నాలుగూ గడగడా చదివేసింది. నేను మురిసిపోయి వీడియో తీసి బంధువులందరికీ పంపించాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు తల తీసేసినట్టుంది. మొన్న ఆదివారం ఊరికే పలక మీద సుద్దముక్కతో 'సిట్' అని ఇంగ్లీషులో రాసి చదవమన్నాను. పాప పలక వైపు చూసింది, వెనక్కి తిప్పి చూసింది, "బొమ్మ ఏదమ్మా?" అంది.

బొమ్మ లేదు, అక్షరాలు చూసి చదువు అన్నాను. వేలు పెట్టి ఒక్కొక్కటీ పలికింది: "సా... ఈ... టా... సాఈటా." పుస్తకం తెచ్చి బొమ్మ మీద అరచేయి అడ్డం పెట్టాను. నిన్నటిదాకా పాటలా వచ్చిన ఆ పేజీలో ఒక్క మాట రాలేదు. చదువు కాదు, బట్టీ. మా అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నారు. "పొల్లు చెప్పకుండా కలపమంటే ఎలా కలుస్తుందమ్మాయ్? స్, ఇ, ట్ అంటే కదా సిట్ అయ్యేది! గుణింతం నేర్చుకున్న ఎవరికైనా తెలుస్తుంది" అన్నారు. 11,900 కట్టిన నాకు తట్టలేదు.

ఈ రోజు సాయంత్రం పలక పట్టుకుని, పాపను తీసుకుని వెళ్లాను. గొడవకు కాదు, అడగడానికే. లోపల ఐదారుగురు తల్లులు కూర్చుని ఉన్నారు. నిర్వాహకురాలు నేను చెప్పిందంతా ఫోను చూసుకుంటూనే వింది. తలెత్తి నా వైపు కాదు, పాప వైపు చూసింది. "మిగతా పిల్లలందరికీ వస్తోందండీ. ముందు మీ పాపకు చెవుల పరీక్ష చేయించండి. ఇంట్లో తెలుగు మాట్లాడటం కూడా మానేయండి" అంది. అందరి ముందు, పాప వింటుండగా. ఫీజు సంగతి ఎత్తితే రసీదు వెనక్కి తిప్పి చూపించింది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదట. అది మాత్రం పొల్లుపోకుండా రాసుకున్నారు!

నేనేం చేశానో తెలుసా? "సరే మేడం" అని బయటకు వచ్చేశాను. ఏ మాట అనాలో బండి ఎక్కిన తర్వాత ఒక్కొక్కటీ తట్టింది.

ఇందాక పడుకోబోతూ పాప అడిగింది, "అమ్మా, గడియారం చప్పుడు నాకు వినబడుతోంది కదా, మరి నా చెవులకు ఏమైంది?" అని. అందుకే రాస్తున్నాను, డబ్బు కోసం కాదు. అంటే, డబ్బు కోసం కూడా.

చేర్పించేవాళ్లు రోజూ క్లాసు చెప్పేది ఎవరో అడిగి, వాళ్ల క్లాసులోనే కూర్చుని చూడండి. 'ఎమ్' ధ్వని చెప్పమనండి. పెదవులు మూసి మ్‌మ్ అంటే సరే, "మా" అంటే లేచి వచ్చేయండి. ఫీజు నెలనెలా కడతామనండి. ఇప్పటికే చేర్పించినవాళ్లు ఈ రాత్రే ఆ నాలుగు పుస్తకాల్లో బొమ్మల మీద చేయి అడ్డం పెట్టి చదివించి చూడండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు రేపు ఫోను చేస్తున్నాను. సోమవారం ఉదయం పది గంటలకు మళ్లీ ఆ సెంటరుకు వెళ్తున్నాను, ఈసారి పాపను తీసుకెళ్లను. మీ దగ్గరా అలాంటి రసీదు ఉంటే పట్టుకుని రండి.