నాన్న చేత అన్నం కలిపించిన ఫిజియోథెరపీ

పక్షవాతంతో మా నాన్నకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి రాజమండ్రి ఇంటికి తెచ్చాక ఫిజియోథెరపీకి మొదట ఒక ఏజెన్సీ వాళ్లని పెట్టుకున్నాం. 10 రోజుల్లో ముగ్గురు మారారు. ఒక కుర్రాడైతే కరెంటు మిషన్ ప్యాడ్లు అంటించి 20 నిమిషాలు ఫోన్ చూసుకునేవాడు. ఇంకొకాయన నాన్నని లేపడానికి ఆ పడిపోయిన చెయ్యే పట్టి లాగాడు. ఆ రాత్రంతా భుజం నొప్పి. మాన్పించేశాం.

తర్వాత దొరికిన మేడం సొంతంగా ఇళ్లకి వచ్చి చేస్తారు. 45 నిమిషాలకి 600. మొదటి రోజు మిషనే తేలేదు. "బాబాయిగారూ, ముందు ఏ పని మీ అంతట మీరు చేసుకోవాలనుంది?" అని అడిగారు. నాన్న ముద్దమాటలతో "అన్నం కలుపుకోవాలి" అన్నారు.

ఇక అన్నీ ఇంట్లో వస్తువులతోనే. కుర్చీలో రెండు దిళ్లు వేసి, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు బొటనవేళ్ల మీదకి వచ్చేదాకా వంగి లేవడం. కాస్త పట్టు దొరికాక ఒక దిండు తీసేశారు. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు మంచి చెయ్యి. అంతకు ముందు చొక్కా అంటే ఇంట్లో రోజూ యుద్ధమే. హవాయి చెప్పులు మాన్పించి వెనక పట్టీ ఉన్నవి కొనిపించారు.

పావురం రక్తం రాయించమని పక్కింటావిడ ఒకటే పోరు. మేడం నవ్వి, "పైన రాస్తే మెదడుకేం తెలుస్తుందండీ, చేత్తో పని చేయిస్తే తెలుస్తుంది" అన్నారు.

ఏడో వారంలో కంచం జారకుండా కింద తడిగుడ్డ వేసి పెరుగన్నం పెట్టించారు. మొదటి ముద్ద లుంగీ మీద పడింది. అమ్మ గబుక్కున చెంచా అందుకోబోతే "ఉండండి పిన్నిగారూ" అని ఆపారు. రెండోది సగం గడ్డానికి అంటినా నోట్లోకే వెళ్లింది. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

లోపాలు లేవని కాదు. 9 గంటలకని చెప్పి 10కి వస్తారు, ఆదివారం రారు. తను లేనప్పుడు రెండు పూటలా మనమే చేయించాలి, లేకపోతే మర్నాడు మనకే క్లాసు. నాన్న వేళ్లు ఇంకా పూర్తిగా విచ్చుకోవు, గుండీలు అమ్మే పెడుతుంది. కానీ వచ్చీ రాగానే బీపీ చూస్తారు. ఒకరోజు బాగా ఎక్కువుంటే ఏమీ చేయించకుండా, ముందు డాక్టరుకి ఫోన్ చేయమని చెప్పి, ఫీజు తీసుకోకుండానే వెళ్లిపోయారు.