కోనసీమ రోడ్ల మీద తిరిగే డిజైర్‌కి టైర్లు మార్చే ముందు

టైర్లు మార్చే ఆలోచనలో ఉంటే ముందు బండి ఎడమ పక్కకి వెళ్లి, ముందు టైరు బయటి వైపు చేత్తో చుట్టూ తడిమి చూడండి. మా వైపు తిరిగే బండి అయితే కోతలు, గీతలు, రబ్బరు లేచిన చోట్లు చేతికి తగులుతాయి. కుడి వైపు టైరు మాత్రం చాలా వరకు నున్నగానే ఉంటుంది. ఇదంతా కాలువ గట్టు రోడ్ల పుణ్యం. ఒక బండి పట్టే తారు, ఎదురుగా బస్సో కొబ్బరికాయల లారీయో వస్తే ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దించాల్సిందే. మనది నల్లమట్టి, వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, దాంతో తారు అంచు జానెడు ఎత్తున కత్తిలా నిలబడి ఉంటుంది. లారీ వెళ్లాక మళ్లీ రోడ్డెక్కేటప్పుడు ఆ అంచు టైరు పక్క భాగాన్నే కోస్తుంది. దానికి తోడు దమ్ము చక్రాలు (పొలంలో బురద దున్నే ఇనుప చక్రాలు) తీయకుండా తారు మీద నడిపే ట్రాక్టర్లు చేసిన గాట్లు వేరే.

కంపెనీల వాళ్లు, షాపుల వాళ్లు ఎంతసేపూ కిలోమీటర్ల గురించే చెబుతారు. యాభై వేలు వస్తాయి, అరవై వేలు వస్తాయి అని. హైవే మీద తిరిగేవాళ్లకి ఆ లెక్క సరిపోతుంది. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం మధ్య తిరిగే బండికి టైరు గుండు అయ్యేదాకా ఆగే అదృష్టం తక్కువ, ఆలోపే సైడ్‌కి బుడగ వస్తుంది. లోపలి దారాలు తెగితే గాలి అక్కడ బయటికి తోస్తుంది, అదే ఆ బుడగ. దానికి రిపేరు లేదు. ప్యాచ్ వేస్తానని ఎవరన్నా అంటే దండం పెట్టి వచ్చేయండి.

నాది మారుతీ డిజైర్ పై వేరియంట్, సైజు 185/65 ఆర్15. మా బావది కూడా డిజైరే, అమలాపురం నుంచి మధురపూడి ఎయిర్‌పోర్టుకి ట్యాక్సీ తిప్పుతాడు, కానీ తనది కింది వేరియంట్, 165/80 ఆర్14, ఇనుప డిస్కులు. రోడ్లు అవే, గుంతలు అవే, బావకి బుడగ సమస్య దాదాపు లేదు. సైజులోని అంకెలతో లెక్కేస్తే సంగతి తెలుస్తుంది. మొదటిది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో డిస్కు సైజు. 165లో 80 శాతం అంటే సైడ్‌వాల్ ఎత్తు 132 మిల్లీమీటర్లు, 185లో 65 శాతం అంటే 120. ఆ 12 మిల్లీమీటర్ల రబ్బరే గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచేది. ఇనుప డిస్కు వంగినా సుత్తితో సరిచేయించుకోవచ్చు, అలాయ్ డిస్కు పగిలితే సంగతి వేరు. మన వైపు కొత్త కారు కొనేవాళ్లు అలాయ్ మోజులో పడే ముందు ఇది కూడా ఆలోచించుకోవాలి.

"పదిహేనుకే 195 వేసెయ్ బావా, బలంగా ఉంటాది" అని బావ సలహా. 195/65 వేస్తే చక్రం మొత్తం ఎత్తు రెండు శాతం పెరుగుతుంది, స్పీడోమీటర్ వంద చూపిస్తే అసలు వేగం నూట రెండు. పెద్ద తేడా కాదు గానీ, నలుగురూ కూర్చుని డిక్కీ నిండా మామిడిపళ్ల బుట్టలు పెట్టాక వెనక ఆర్చ్‌కి రాసుకుంటుందేమోనని నాకు టెన్షన్. కంపెనీ సైజే ఉంచుకున్నాను.

ఇక బ్రాండ్ల సంగతి. బావ ఎంఆర్ఎఫ్ తప్ప వేరే పేరు ఎత్తడు, ఏ సెంటర్లో ఆగినా దొరుకుతుంది, అరుగుదల తక్కువ, ట్యాక్సీకి అంతకంటే ఏం కావాలంటాడు. మా పెద్దమ్మ గారబ్బాయి వారం వారం హైదరాబాద్ వెళ్లొస్తాడు, తనకి శబ్దం ఉండకూడదు, మెత్తగా పోవాలి, యోకోహామా వేయించుకుని హాయిగా ఉన్నాడు. భీమవరంలో రొయ్యల చెరువులున్న స్నేహితుడిది ఇంకో లెక్క. అక్కడ చేపల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి, ఎండాకాలం మధ్యాహ్నం కూడా రోడ్డు తడిగా, జిగటగా ఉంటుంది. తడిలో బ్రేక్ పడాలి, మిగతావన్నీ తర్వాత అంటాడు. మా వీధిలో రిటైరైన మాస్టారి హోండా అమేజ్ మాత్రం ఆదివారం గుడికి, ఎప్పుడైనా పెళ్లికి తప్ప కదలదు. గాడులు కొత్తవాటిలా ఉన్నాయి, సైడ్‌వాల్ నిండా సన్న పగుళ్లు. టైరుకి వయసు కూడా ఉంటుందని ఆయనకి ఎంత చెప్పినా "ఇంకా గీతలున్నాయి కదండీ" అంటారు.

వీళ్లందరిలో నాకు దగ్గరగా అనిపించింది భీమవరం వాడి లెక్కే. ఇంట్లో పిల్లలూ అమ్మా ఎక్కే బండి, వానాకాలం నాలుగు నెలలు, ఆపైన అక్టోబర్, నవంబర్లలో తుపాన్లు, రోడ్డుకి రెండు పక్కలా నిండు కాలువ. అందుకే తడి రోడ్డు మీద బ్రేకింగ్ కోసమని చెప్పుకునే గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ ట్రిపుల్‌మ్యాక్స్ 2 వేయించాను, 88హెచ్ రేటింగ్‌తో. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకి 210 వేగం దాకా. రెండోది మన రోడ్ల మీద దేనికీ పనికిరాదు గానీ మొదటిది కావాలి. ఈ వానల్లో జొన్నాడ బ్రిడ్జి దిగాక నీళ్లు నిలిచే చోట పాత టైర్లతో స్టీరింగ్ ఒక్కసారి తేలికైపోయేది, ఇప్పుడు ఆ జారుడు తెలియడం లేదు. పాతవి అరిగిపోయినవి కాబట్టి ఏ కొత్త టైరైనా కొంత మెరుగ్గానే ఉంటుంది, అది కూడా ఒప్పుకోవాలి. ఎన్ని కిలోమీటర్లు వస్తాయో ఇప్పుడే చెప్పలేను.

ఇక షాపుల కథ. అమలాపురంలో రెండు మూడు, రావులపాలెంలో ఒకటి, రాజమండ్రిలో ఒకటి తిరిగాను. ధరల్లో పెద్ద తేడా లేదు, ఈ సైజుకి బ్రాండుని బట్టి ఐదు వేల పైనుంచి ఏడు వేల పైదాకా చెబుతారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి అంతకు ముందు రాసుకున్న రేటు చూపిస్తే ఊరుకోకండి. అసలు తేడా తయారీ తేదీలో ఉంది. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివర గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1023 అంటే 2023లో పదో వారం. ఒక షాపులో మంచి డిస్కౌంట్ అని చూపించిన సెట్‌లో రెండు టైర్లు కొత్తవి, రెండు బాగా పాతవి. అదేంటండీ అని అడిగితే షాపాయన నవ్వి "డేటుదేముందండీ బాబూ, టైరేమన్నా పాలప్యాకెట్టా?" అన్నాడు. ఆయన మాట్లాడే తీరుకి నాకూ నవ్వొచ్చింది గానీ కొనలేదు. ఏడాది దాటినవి నేనైతే తీసుకోను. నాలుగూ మీ కళ్ల ముందు పెట్టించి, వంగి, మట్టి తుడిచి చదవండి. బిగించాక ఆ అంకెలు లోపలి వైపుకి పోతే బండి కింద దూరాలి.

రెండే మార్చేవాళ్లకి ఒక మాట. మన కార్లలో ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి అవే ముందు అరుగుతాయి, షాపులో కూడా కొత్తవి ముందే వేసేస్తారు. టైరు కంపెనీలు చెప్పేది మాత్రం కొత్త జత వెనక వేయమని. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు, వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది. కాలువ గట్టు మీద బండి తిరగడం అంటే ఏంటో మనకి వేరే చెప్పక్కర్లేదు. నేను అడిగిన షాపుల్లో ఒక్కచోట తప్ప ఎవరూ తమంతట తాము ఈ మాట చెప్పలేదు. ఆ ఒక్కచోటే వేయించుకున్నాను. అక్కడి కుర్రాడు ఎడమ ముందు డిస్కు లోపలి అంచు కొద్దిగా వంగి ఉందని బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పి చూపించాడు. ఆ పని బాగా తెలిసిన కుర్రాడు. గాలి కూడా అందరికీ కొట్టినట్టు నలభై కొట్టేయకుండా డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూసి పెట్టాడు.

నైట్రోజన్‌కి డబ్బులు అడుగుతారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, ఇష్టమైతే కొట్టించుకోండి. అలైన్‌మెంట్ (చక్రాల వాలు, దిశ సరిచేయించడం) మాత్రం మానకండి, ముఖ్యంగా టైర్లు మార్చిన రోజున.

బుడగ వస్తే ఇన్సూరెన్స్ ఇస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే పోతే రాదు. బండికి కూడా అదే సమయంలో దెబ్బ తగిలితేనే ఇస్తారు, అది కూడా సగం. కంపెనీ వారంటీ తయారీ లోపానికి, గుంతలో పడి వచ్చినదానికి సాధారణంగా ఉండదు. అందుకని వారంటీలో ఏమేం వస్తాయో కొనేటప్పుడే అడిగి, బిల్లు మీద నాలుగు టైర్ల సీరియల్ నంబర్లు రాయించుకోండి. పాత టైర్లకి ఎంతిస్తారో కూడా బండి జాకీ ఎక్కించక ముందే మాట్లాడుకోండి, చక్రాలు ఊడదీశాక బేరం కుదరదు.