మూడేళ్లు వాడాక మా ఆఫీసు వైఫై గురించి

మా ఆఫీసు సీలింగ్‌కి తొమ్మిది వైఫై 6 యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ పంపే పెట్టెలు) బిగించి మూడేళ్లు దాటింది. అన్నింటినీ ఒకే కంట్రోలర్ నుంచి నేనే చూసుకుంటున్నాను. కొన్న వారంలో రాస్తే స్పీడ్ టెస్ట్ అంకెలు తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు, అందుకే ఇన్నాళ్లు ఆగాను.

మొదటి ఆరు నెలలు చాలా ఇబ్బంది పడ్డాం. ఎక్కడ నిలబడినా ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండేవి, వీడియో కాల్‌లో మాత్రం మాట తెగిపోయేది. సీటు దగ్గర్నుంచి మీటింగ్ రూమ్‌కి వెళ్లినా ల్యాప్‌టాప్ పాత పాయింట్‌నే పట్టుకుని ఉండేది. సరుకే నాసిరకమేమో, వాపసు ఇచ్చేద్దామా అనుకున్నాను. తీరా చూస్తే తప్పు మా సెట్టింగుల్లో ఉంది. పవర్ అన్నింటిలోనూ గరిష్ఠం, 5 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్. పాయింట్ ఎంత గట్టిగా పలికినా, ఫోన్ అంత గట్టిగా బదులివ్వలేదు కదా! పైగా వెడల్పు పెరిగేకొద్దీ విడివిడి ఛానళ్లు తగ్గిపోతాయి. ఒకే ఛానల్‌లో ఉన్న రెండు పాయింట్లు ఒకదాన్నొకటి వింటే, ఒకటి పంపుతున్నంతసేపు రెండోది ఆగాల్సిందే.

ఓ సెలవు రోజు కూర్చుని అంతా మార్చాను. 5 గిగాహెర్ట్జ్‌లో పవర్ 14 డీబీఎంకి (ఇది సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం), వెడల్పు 40కి తగ్గించాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని 1, 6, 11 ఛానళ్లే వాడి, నాలుగు పాయింట్లలో ఆ రేడియోనే ఆపేశాను. అంతకంటే నెమ్మదిగా ఎవరూ కనెక్ట్ కాకుండా కనీస డేటా రేటు 12 ఎంబీపీఎస్ చేశాను. తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని మూలమూలా తిరిగి, కాల్స్ మాట్లాడే ప్రతి చోటా సిగ్నల్ మైనస్ 67 డీబీఎం (సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం) కంటే పడిపోకుండా చూసుకున్నాను. ఫోన్‌లో గీతలు తగ్గాయి, ఫిర్యాదులూ తగ్గాయి. పవర్ తగ్గిస్తే వైఫై బాగుపడిందంటే మా మేనేజర్ గారు ఒక పట్టాన నమ్మలేదు.

ఇక నాకు నచ్చనిది ఆటోమేటిక్ ఛానల్ ఎంపిక. పట్టపగలు, అందరూ పనిలో ఉండగా ఛానల్ మార్చేసేది. ఇప్పుడు దాన్ని రాత్రిపూటకే పరిమితం చేశాను. కిటికీల వైపు రెండు పాయింట్లది ఇంకో కథ. అప్పుడప్పుడు ఆ వరుసలో అందరికీ ఒకేసారి కనెక్షన్ పోయేది. లాగ్ తెరిస్తే రాడార్ తగిలిందని ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లు చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాల్సినవి. రాడార్ జాడ కనబడితే పాయింట్ వెంటనే ఖాళీ చేయాలి. వెళ్లే కొత్త ఛానల్ కూడా అలాంటిదే అయితే, అక్కడ కనీసం ఒక నిమిషం విన్నాకే మొదలుపెట్టాలి. ఆ రెండింటినీ 36కి, 44కి మార్చాక ఆ టెన్షన్ పోయింది.

కొనేముందు నెట్‌వర్క్ స్విచ్ (పీఓఈ, అంటే కేబుల్‌లోనే పాయింట్లకు కరెంటు ఇచ్చేది) తప్పకుండా చూసుకోండి. మా పాత పీఓఈ స్విచ్ ఒక్కో పోర్టుకి 15.4 వాట్లే ఇచ్చేది. అది చాలక పాయింట్లు కొన్ని యాంటెన్నాలు ఆపేసుకుని నడిచాయి. పైకి ఏ హెచ్చరికా లేదు, లోపలి పేజీలో చిన్న గమనిక ఒక్కటే. 30 వాట్ల స్విచ్ పెట్టేదాకా మేం డబ్బు పెట్టి కొన్నదాంట్లో సగమే వాడుకున్నాం. తయారీదారు దీన్ని మొదటి పేజీలోనే ఎర్రటి అక్షరాల్లో చూపించాలి.

ఫాస్ట్ రోమింగ్ (ఒక పాయింట్ నుంచి ఇంకోదానికి త్వరగా మారే సౌకర్యం) ఆన్ చేస్తే పాత ప్రింటర్లు కొన్ని నెట్‌వర్క్‌లోకే రాలేదు. వాటికి వేరే నెట్‌వర్క్ పేరు ఇచ్చాను. అలాగని ప్రతి విభాగానికీ ఒక పేరు పెట్టకండి, ఒక్కో పేరూ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికి చాటుకుంటూ గాలిలో సమయం తినేస్తుంది. మాకు మూడు పేర్లున్నాయి, చాలు.

మూడేళ్లలో తొమ్మిదింటిలో ఒక్కటీ పాడవలేదు. లిఫ్ట్ వెనక ఉన్న చిన్న గదిలో మాత్రం సిగ్నల్ ఇప్పటికీ మైనస్ 75 దాటి రావడం లేదు. పక్క పాయింట్ పవర్ పెంచమని అడుగుతున్నారు, నేను ఒప్పుకోలేదు. వచ్చే వారం ఆ గదిలోకే కేబుల్ లాగి పదో పాయింట్ పెడుతున్నాను, తక్కువ పవర్‌తోనే.