కంటికి కట్టు ఉన్నన్నాళ్లూ చేతిలో ఉన్న ఆడియో బైబిల్ ప్లేయర్

రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే పొర, ఊడిందని నా ఎడమ కంటికి ఆపరేషన్ చేసి, లోపల గ్యాస్ బుడగ పెట్టి, వారం రోజులు బోర్లా పడుకోమన్నారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాను వెనక గోడకు అదిమి ఉంచాలట. తలెత్తితే పక్కకు జారుతుంది. కుడి కన్ను ఎప్పటినుంచో అంతంతమాత్రమే. అప్పుడు మా వదిన ఈ ప్లేయర్ తెచ్చి చేతిలో పెట్టింది.

అరచేతిలో ఇమిడే డబ్బా. 66 పుస్తకాలూ, 1189 అధ్యాయాలూ అందులోనే. స్పీకర్ గట్టిగానే పలుకుతుంది, చార్జింగ్ ఒక రోజు ఆగుతుంది. కానీ బటన్లన్నీ ఒకేలా ఉన్నాయి. చూపులేని వాళ్లకోసం చేసిన వస్తువుకి తడిమితే తెలిసే గుర్తు ఒక్కటీ లేకపోవడం ఏం తెలివో! నా కంటి ప్లాస్టర్ ముక్క ఒకటి తుంచి ప్లే బటన్ మీద అతికించుకున్నాను.

అసలు చిరాకు ఇంకొకటుంది. ఆపేస్తే ఎక్కడ ఆపామో దీనికి గుర్తుండదు, మళ్లీ ఆదికాండం మొదటి అధ్యాయమే. నేనేమో ముఖం దిండులో పెట్టుకుని ఉంటాను, అదేమో పొద్దున్నే "వెలుగు కమ్మని" మొదలుపెడుతుంది. మొదట కోపమొచ్చింది, నాలుగో రోజుకి నవ్వొచ్చింది.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ "అక్కా, విశ్వాస నేత్రాలతో చూడు" అనే వెళ్లారు. ముందు ఈ మామూలు కన్ను తెరుచుకుంటే చాలు తల్లీ అనుకునేదాన్ని, పైకి మాత్రం ఆమెన్ అన్నాను. ఆ మాట గుర్తుచేసే కథ విందామని రాజులు రెండవ గ్రంథానికి వెళ్లాను. పుస్తకం బటన్ పదకొండు నొక్కులు, ఆరో అధ్యాయానికి మరో ఐదు.

దోతాను అనే ఊళ్లో తెల్లారగట్ల ఎలీషా ప్రవక్త పనివాడు లేచి చూస్తే ఊరి చుట్టూ శత్రువుల గుర్రాలు, రథాలు. వాడి కేక తర్వాత చదివే ఆయన ఒక్క క్షణం ఆగుతాడు. బాగుంది. ఆ తర్వాత ఎలీషా సైన్యాన్ని పొమ్మని ప్రార్థించలేదు, వీడి కళ్లు తెరవమన్నాడు. తెరుచుకుంటే కొండంతా దేవుడు పంపిన అగ్ని రథాలు. చదువుకునే రోజుల్లో నేనెప్పుడూ ఆ రథాల దగ్గరికి ఉరికేదాన్ని. చెవితో వింటే ఉరకడానికి వీల్లేదు. అందుకే ఈసారి ఒకటి తట్టింది. కళ్లు తెరుచుకున్నాక కూడా సైన్యం అక్కడే ఉంది. వాడికి రెండూ కనిపిస్తున్నాయి. చివరికి పట్టుబడ్డ ఆ శత్రువులకు అన్నం పెట్టి పంపించిన కాసేపటికే, అదే అధ్యాయంలో, అదే గొంతుతో, షోమ్రోను పట్టణంలో కరువు మొదలవుతుంది. ఆ మధ్యాహ్నం నాకు నా రిపోర్టు భయం పోలేదు గానీ, భయపడుతున్నందుకు సిగ్గుపడటం మానేశాను.

వెనక వాయించే సంగీతానికి మాత్రం మార్కులు వేయను. 88వ కీర్తన చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది, ఓదార్పు ఒక్క ముక్క ఉండదు. వీళ్లు అక్కడ తియ్యగా వేణువు ఊదించారు. రాసినాయన ధైర్యంగా వదిలేసినదాన్ని వీళ్లెందుకు సర్దడం? సంగీతం తీసేసే బటన్ కూడా లేదు.

కట్టు విప్పాక బుడగ అంచు కనపడటం మొదలైంది, సీసాలో నీళ్లలా ఊగే గీత. రోజురోజుకీ కిందికి దిగుతుంటే పైనుంచి చూపు తేటపడింది. ఇప్పటికీ ఆ కంటికి తలుపు చట్రం కొంచెం వంకరగానే ఉంటుంది.

ఈ ప్లేయర్‌కి ఐదుకి మూడున్నర మార్కులు. మంచాన ఉన్నవాళ్లకి ఇవ్వాలనుకుంటే, కొనేముందు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూడండి. ఆదికాండానికి పోకుండా ఆగినచోటే మొదలైతే అదే తీసుకోండి. ప్లాస్టర్ ముక్క నా ప్లేయర్ మీద అలాగే ఉంది.